దెల్ఫీనా అత్త చేపలు ఆరేసే ఒడ్డు

"ఈ సరస్సు చుట్టూ ఎవరికీ తెలియని చోట్లేమైనా ఉన్నాయాండీ?"

ముప్పై ఒక్క ఏళ్లుగా పడవ టికెట్ల కిటికీ వెనక కూర్చుని ఈ ప్రశ్న వింటున్నాను. ఎవరికీ తెలియనివి నాకు మాత్రం ఎలా తెలుస్తాయని మొదట్లో ఎదురు అడిగేవాణ్ణి. తర్వాత విసుగొచ్చి, మాట్లాడకుండా బెల్లాజియో టికెట్టు చింపి చేతిలో పెట్టడం మొదలుపెట్టాను. అందరూ వెళ్లే చోటికే వెళ్లండి. అక్కడ ఐస్‌క్రీమ్ బావుంటుంది, మెట్ల మీద ఫోటో బావుంటుంది, మా మానాన మేముంటాం. ఇదీ నా పద్ధతి. ఒక్కసారే తప్పాను. ఆ ఒక్కసారికే దెల్ఫీనా అత్త ఒడ్డు చేజారిపోయేంత పని అయింది.

మా ఊరు మొల్వేద్రో. పదకొండు గడపలు, ఒక చర్చి, పై రోడ్డు నుంచి దిగడానికి రెండు వందల డెబ్బై మెట్లు. కింద రెండు పెళ్లి పందిళ్లు పట్టేంత గులకరాళ్ల ఒడ్డు. ఆ ఒడ్డుకు ఆనుకుని ఉన్న ఇంట్లోనే దెల్ఫీనా అత్త పుట్టింది, అక్కడే డెబ్బై తొమ్మిదేళ్లుగా బతుకుతోంది. ఆమె నాకు రక్త సంబంధం కాదు. ఊరందరికీ అత్తే.

ఆమె సంగతి చెప్పాలంటే పట్టు మిల్లు నుంచి మొదలుపెట్టాలి. ఇరవయ్యేళ్లప్పుడు అక్కడ దారం చుట్టే పనిలో ఉండేది. గాలికి దారం తెగుతోందని మేస్త్రీ ఎండాకాలంలో కిటికీలన్నీ మేకులు కొట్టించి మూయించాడు. ఒకే రోజు ముగ్గురు ఆడపిల్లలు సొమ్మసిల్లి పడిపోయారు. దెల్ఫీనా చెక్క కండె తీసి కిటికీ అద్దానికి గురిచూసి విసిరింది. మేస్త్రీ పరిగెత్తుకొచ్చి "ఎవరు పగలగొట్టారు?" అని అరిస్తే, "గాలి" అందట. సాయంత్రానికల్లా ఉద్యోగం పోయింది. మర్నాటి నుంచి తండ్రితో వలకు వెళ్లింది. ఆడపిల్ల పడవెక్కితే చేపలు పడవని పక్క ఊరి జాలరులు వెక్కిరించారు. ఆమె మాత్రం పట్టిన చేపలన్నీ బుట్టలో వేసుకుని, వాళ్ల ఇళ్ల ముందు నుంచే రోజూ నడిచి వెళ్లేది. దగ్గర దారి వేరే ఉంది.

మొగుడు తెరెజియో రాళ్ల పని చేసేవాడు, మంచివాడు. ఆయన పోయిన నెలకే పడవ అమ్ముతావా అంటూ ముగ్గురు వచ్చారు. ముగ్గురికీ కాఫీ ఇచ్చింది, ముగ్గుర్నీ మెట్లెక్కించి పంపింది. నాకూ ఆమెకూ వారం వారం పేచీ ఉండేది. అమ్మడానికి ఎండుచేపల రేకు డబ్బా మోసుకుని, నేను పనిచేసే రేవుకు పడవెక్కడానికి వచ్చేది.

"అత్తా, ఆ డబ్బాకీ టికెట్టు తీసుకోవాలి" అనేవాణ్ణి.

"డబ్బాకా? అదేమైనా సీట్లో కూర్చుందిట్రా? కిటికీలోంచి కొండలు చూసిందా?"

"రూలు అత్తా."

"రూలు రాసినోణ్ణి పిలవరా ఒలిందో. డబ్బా మోయమను. మోస్తే టికెట్టు తీసుకుంటా."

ముప్పై ఏళ్లలో ఆ డబ్బాకు నేను ఒక్క టికెట్టూ చింపలేకపోయాను.

డబ్బాలో ఉండేవి మిస్సొల్తీని. అరచెయ్యంత వెండి చేప, అగోనె అంటాం. గుడ్లు పెట్టే కాలం అయ్యాక పట్టి, కడుపు శుభ్రం చేసి, రెండు రోజులు ఉప్పులో ఉంచి, దారానికి గుచ్చి ఒడ్డున కర్రల మీద ఆరేస్తారు. మధ్యాహ్నం దక్షిణం నుంచి బ్రేవా గాలి వీస్తుంది, చేప పొడిగా గలగలలాడుతుంది. ఆపైన వాసన కోసం లారెల్ ఆకులు వేస్తూ వరసలుగా డబ్బాలో పేర్చి, మీద బండరాయి పెడతారు. నిప్పుల మీద కాల్చి, కాస్త వినిగర్ చల్లి, మొక్కజొన్న సంకటితో తింటే ఇంకేమీ అక్కర్లేదు. ఈ మాట నేను ఊరికే అనడం లేదు, పీకలదాకా తిని అంటున్నాను.

ఒకప్పుడు పదకొండు గడపలూ ఆరేసేవి. ఇప్పుడు ఒక్క దెల్ఫీనా అత్తే. అందులోనే ఉంది చిక్కంతా. మా ఒడ్డు ఎవరి పేరునా లేదు. చర్చిలో ఒక పాత పుస్తకం ఉంది. ఏటా సెయింట్ జాన్ పండుగ రోజు మధ్యాహ్నం గంట కొట్టేలోగా ఒడ్డు మీద కనీసం ఒక ఇంటి చేపలు ఆరుతూ ఉండాలి. ఊళ్లోవాళ్లు ఇద్దరు చూసి ఆ పుస్తకంలో సంతకం పెట్టాలి. అలా జరిగినంత కాలం ఒడ్డు ఊరిది. ఒక్క ఏడు తప్పిందా, మునిసిపాలిటీది. మా తాతల కాలం నుంచి తప్పలేదు. యుద్ధంలో కూడా తప్పలేదు.

ఇక నా తప్పు. రెండేళ్ల కిందట వానలో ఒకాయన పడవ తప్పిపోయి నా కిటికీ దగ్గర నిలబడ్డాడు. తెలియని చోట్ల గురించి అడగలేదు. అడిగి ఉంటే బెల్లాజియో పంపేవాణ్ణి. "మీ ఇంట్లో మీరేం తింటారు?" అని అడిగాడు. అంత మర్యాదగా నన్నెవరూ ఎప్పుడూ అడగలేదు. పొంగిపోయాను. మిస్సొల్తీని గురించి, కర్రల గురించి, మెట్ల గురించి, అత్త గురించి గంటసేపు చెప్పాను. కాయితం మీద దారి కూడా గీసిచ్చాను. మూడు నెలలకు ఒక పత్రికలో వచ్చింది, సరస్సు చుట్టూ ఎవరికీ తెలియని పన్నెండు చోట్లని. నాలుగోది మాది. ఆ నాటి నుంచి ఎవరికీ తెలియని చోటు చూడ్డానికి రోజుకు నాలుగు వందల మంది దిగుతున్నారు. చెప్పింది నేనేనని ఎవరితోనూ అనలేదు. సిగ్గుతో చచ్చిపోయేవాణ్ణి.

వచ్చినవాళ్లు ఈదేవారు, తడి తువాళ్లు తెచ్చి చేపల కర్రల మీద వేసేవారు. అత్త మొదటి రోజు చెప్పి చూసింది. రెండో రోజు ఆ తువాళ్లన్నీ తీసి, చేపల ఉప్పు తొట్లో ముంచి, పిండి, జాగ్రత్తగా మళ్లీ వాటి చోటనే ఆరేసింది. ఒకామె లబలబలాడుతూ ఇదేంటని అడిగింది.

"నా కర్రల మీద ఏది ఆరినా అలాగే ఆరుద్దమ్మా" అంది అత్త.

ఈ ఏడు జూన్‌లో సెవెరీనో దిగాడు. మునిసిపాలిటీ సభ్యుడు, మా ఊళ్లో పుట్టినవాడే. వాళ్ల నాన్న కూడా అత్త చేపలు తిని పెరిగినవాడే. ఈతకు వచ్చేవాళ్లకు దెబ్బలు తగులుతాయని చెప్పి కర్రలన్నీ పీకించి, పై రోడ్డుకు మోయించి లారీలో వేయించాడు. ఆ చోట ఇరవై నాలుగు నీలం గొడుగులు పాతించి, కింద పడక కుర్చీలు వేయించాడు. పండుగకు ఇంకా అయిదు రోజులుంది.

"పిన్నీ, నీ వయసుకి ఈ కష్టమెందుకు? హాయిగా ఒక కుర్చీలో కూర్చో. నీకు ఊరికే ఇస్తాను" అన్నాడు. ఊళ్లో అందరికీ ఆమె అత్తయితే, అతనొక్కడికే పిన్ని. ఏదో చుట్టరికం కలిపాడు.

"నా కర్రలెప్పుడిస్తావ్?"

"రాతపూర్వకంగా అర్జీ పెట్టుకో. నెలలో చూస్తారు."

"నెలలోనా? పండగ అయిదు రోజుల్లో ఉంటే?"

సెవెరీనో గొడుగుల వైపు చూసి నవ్వాడు. ఆ నవ్వుకు అర్థం మా అందరికీ తెలుసు. గంట కొట్టేలోగా చేపలు ఆరకపోతే ఆ గొడుగులు ఇక జన్మలో లేవవు. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ ఎవరి మీదని మండాలి? దారి గీసిచ్చిన చెయ్యి నాదే మరి.

కొత్త కర్రలు నరుక్కుందామంటే ఫారెస్టు కాయితం కావాలన్నారు. రొట్టెలు కాల్చే ఇనెస్ తన ఇంటి వసారాలో ఆరేద్దామంది. అత్త ఒప్పుకోలేదు. ఒడ్డంటే ఒడ్డేనంది. ఏమీ జరగనట్టే వల వేసింది, అగోనె పట్టింది, ఉప్పులో పెట్టింది. కిందటి చలికాలం భుజం జారింది, ఎడమ చెయ్యి సరిగ్గా లేవదు. అయినా రెండు తొట్లు నింపింది.

"దేని మీద వేస్తావత్తా?" అని అడిగాను.

"పండగ రోజు సెలవు పెట్టి రా. చేతులు కడుక్కుని రా" అంది.

పండుగ పొద్దున పది గంటలకు ఒడ్డంతా కుర్చీలు నిండిపోయాయి. నూనె రాసుకున్న ఒళ్లు, నల్ల కళ్లజోళ్లు. అత్త నల్ల గౌను వేసుకుని, నడుముకు గోనె కట్టుకుని, తొట్టిని రాళ్ల మీద ఈడ్చుకుంటూ వచ్చింది. మొదటి గొడుగు దగ్గర ఆగి దాని ఊచల వైపు తలెత్తి చూసింది. దారం తీసింది. చేపల సరం ఒక ఊచ నుంచి ఇంకో ఊచకు కట్టింది.

కింద పడుకున్నాయన కళ్లజోడు తీసేసరికి ముక్కుకు జానెడు దూరంలో పన్నెండు చేపలు ఆయన్నే చూస్తున్నాయి.

"ఇదేంటి? ఇదేంటి?" అన్నాడు లేచి.

"మీరు చూడ్డానికొచ్చిందేనండి. పత్రికలో రాశారంటగా" అంది అత్త, రెండో గొడుగు దగ్గరకు పోతూ.

అప్పుడు అర్థమైంది నాకు. పగలబడి నవ్వాను. ఇనెస్ పిండి చేతులతోనే పరిగెత్తుకొచ్చింది. నేను చేపల్ని దారానికి గుచ్చాను, ఇనెస్ అందించింది, అత్త ఒంటి చేత్తో ముడులు వేసింది. చెయ్యి అందని చోట నేను కట్టబోతే చెయ్యి తోసేసింది.

"ముడి ఆ ఇంటోళ్లే వెయ్యాల్రా. కుర్చీ పట్టు, ఎక్కుతా."

పడక కుర్చీ ఎక్కింది. గొడుగు తర్వాత గొడుగు. సగం మంది తువాళ్లు ముక్కుకు అడ్డం పెట్టుకుని మెట్లెక్కేశారు. ఒక ముసలాయన మాత్రం తన గొడుగు వాలకుండా రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఏ దేశమో, మా భాష ఒక్క మాటా రాదు. ఇరవై నాలుగు గొడుగులూ వెండి చేపలతో నిండిపోయాయి. నాకు కళ్లనీళ్లు వచ్చాయి. అంత అందమైన పని నా జన్మలో చూడలేదు.

పన్నెండుకు పావుగంట ఉందనగా చర్చి ఫాదర్ పుస్తకం చంకన పెట్టుకుని దిగాడు. వెనకాలే సెవెరీనో, చెమటలు కక్కుకుంటూ.

"ఇది చెల్లదు! కర్రల మీద ఆరెయ్యాలి. ఇవి గొడుగులు. మునిసిపాలిటీ అనుమతి ఇచ్చిన గొడుగులు!"

"రాసిందేంటో చదవండి ఫాదర్" అంది అత్త కుర్చీ దిగకుండానే.

ఫాదర్ తీరిగ్గా పేజీలు తిప్పి, వేలు పెట్టి చదివాడు. "ఒడ్డు మీద, నేలకు తగలకుండా, గాలికి." పుస్తకం మూసి, "కర్ర మాట లేదు సెవెరీనో" అన్నాడు.

"అయితే ఇప్పుడే విప్పిస్తాను!"

"విప్పు" అంది అత్త. "ఆరుతున్న చేపని పక్కింటోళ్లు ముట్టుకోకూడదని మీ నాన్న నీకు చెప్పలేదా? ఏడ్చి గోలచేస్తే నీకూ పెట్టానే, కాల్చి, ముళ్లు తీసి. విప్పు నాయనా. ఇంతమంది చూస్తుండగా విప్పు."

సెవెరీనో చెయ్యి పైకెత్తాడు, గొడుగు దాకా పోయింది. మా ఒడ్డున ఆరే చేపను ఇంకొకరు ముట్టుకున్న రోజు లేదు. ఎంత మునిసిపాలిటీ సభ్యుడైనా మొల్వేద్రో పాలు తాగినవాడు. చెయ్యి దించేసి, జేబులో రుమాలు వెతుక్కున్నాడు.

ఇనెస్ మొదటి సంతకం పెట్టింది. ఫాదర్ పుస్తకం నా వైపు తిప్పాడు. కలం పట్టుకున్నాను గానీ రాయలేకపోయాను. ఆ కాయితం మీద దారి గీసిన వేళ్లే ఇవి.

"అత్తా, నాకా అర్హత లేదు. ఆ పత్రికాయనకి ఈ చోటు చెప్పింది నేనే."

ఇనెస్ నోరు తెరిచింది. అత్త గోనెకు చేతులు తుడుచుకుంది.

"తెలుసు. వచ్చిన రోజే చెప్పాడు, ఒలిందో పంపాడని. రెండు చేపలు తిని వినిగర్ ఎక్కువైందని కూడా అన్నాడు, వాడి మొహం."

"రెండేళ్ల నుంచి తెలిసీ ఒక్క మాట అన్లేదేం?"

"అంటే ఏం చేసేవోడివి? మొహం చెల్లక టౌన్‌కి పోయేవోడివి. ఉన్నదే పదకొండు గడపలు. ఒక గడప పోగొట్టుకుని, సాక్షి సంతకానికి ఎవర్ని తెచ్చుకోను? బెల్లాజియో నుంచి పిలిపించనా?" అని కుర్చీ దిగి నా పక్కకు వచ్చి నిలబడింది. "పెట్టరా. పెద్ద అక్షరాలతో పెట్టు. సెవెరీనో కళ్లజోడు తెచ్చుకోలేదు."

పెట్టాను. నా పేరు, మా నాన్న పేరు, ఊరి పేరు, అర పేజీ నిండేలా రాశాను. ఆఖరి అక్షరం దగ్గర గంట మోగింది. అప్పుడే బ్రేవా లేచింది. గొడుగులు గలగలమన్నాయి.

"వచ్చే ఏడు నీ గడప చేపలు కూడా ఉండాలి" అంది అత్త. "నా భుజం ఎన్నాళ్లుంటుందో ఏమో. వల నేను నేర్పుతా."

మర్నాడు కిటికీ వెనక కూర్చున్నాను. మొదట వచ్చినామె టికెట్టు అందుకోబోయి, నా చేతుల వాసనకు ముక్కు పట్టుకుని వెనక్కి జరిగింది. పక్కనే కుళాయి ఉంది, సబ్బు ఉంది. నేను చేతులు కడుక్కోలేదు.