లేనా నది మాస్టారి కొత్త ఇల్లు

మా ఫణిభూషణ్ మాస్టారికి రష్యా అంటే పెరటి దొడ్డి. తణుకులో ముప్ఫై ఏళ్లు భూగోళం పాఠాలు చెప్పి, రిటైరై, కొంపల్లిలో మా పక్క ఫ్లాటుకొచ్చాక కూడా పాఠం ఆపలేదు. లిఫ్టులో దొరికితే సైబీరియా, చెత్తబండి దగ్గర దొరికితే యాకుత్స్క్ చలి. "ఒక్క దేశంలో పదకొండు కాలమానాలండీ" అంటూ దారికడ్డం నిలబడేవాడు. మేడ్చల్ బస్సు ఎక్కడ ఆగుతుందో మాత్రం భార్యనడగాలి. ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతానందట.

ఆ భార్య సీతామహాలక్ష్మిగారికి మోకాళ్లు అరిగిపోయాయి. లిఫ్టు చెడినప్పుడల్లా నాలుగంతస్తులు ఏడుస్తూ ఎక్కేది. నేల మీద రెండు గదులుంటే చాలంది. సరేనని ఫ్లాటు అమ్మేసి, శామీర్‌పేట అవతల ఒక కుంటకట్ట కింద స్థలం చూశాడు మాస్టారు. ఏప్రిల్లో నన్నూ లాక్కెళ్లాడు. కుంట నిండితే నీళ్లు అలుగు మీంచి, ఇక్కడివాళ్ల మాటలో మత్తడి మీంచి, పొర్లి పోయే వాగును లేఅవుట్ వాళ్లు మట్టితో పూడ్చి, పైన సిమెంటు రోడ్డేశారు.

కుంటలో మిగిలిన మడుగులో చేపలు పట్టే ఈదమ్మ, వల భుజాన వేసుకుని వచ్చింది.

"గీడ ఇల్లు కట్టకు సారూ. మత్తడి దుంకితే నీళ్లు గీడికే వస్తయి. వాగు పూడ్సిండ్రు. ఇగ ఎటు పోతయి?"

మాస్టారు నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

"నీళ్ల సంగతి నాకు చెబుతావా ఈదమ్మా? ఇటు చూడు." పుల్ల తీసుకుని ఆ స్థలంలోనే గీత గీశాడు. "ఇది రష్యాలో లేనా నది. దక్షిణాన పుట్టి ఉత్తరానికి పోతుంది. ఎగువన మంచు కరిగి నీళ్లు బయలుదేరేసరికి దిగువన ఇంకా గడ్డకట్టే ఉంటుంది. దారి లేక ఊళ్ల మీద పడతాయి."

"ఆ ఊరోళ్లకు గంత గూడ ఎర్క లేదా సారూ?"

"చదువుంటేగా."

సీతామహాలక్ష్మిగారు ఆటోలో కూర్చుని అంతా వింటోంది. నేనూ విన్నాను, నోరు మూసుకున్నాను. ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

శ్రావణంలో గృహప్రవేశం చేశారు. దేవుడి పటాలకంటే పెద్దదిగా హాల్లో రష్యా పటం వేలాడదీశాడు మహానుభావుడు. నెల తిరక్కుండానే మూడు రోజులు ముసురు పట్టి, మత్తడి దుంకింది. ఫోనొస్తే పరుగెత్తాను. ఇంట్లో నడుంలోతు నీళ్లు. ఈదమ్మా, ఆమె మొగుడు ఇస్తారీ చేపలు పట్టే థర్మాకోల్ తెప్ప తెచ్చి, దాని మీద సీతామహాలక్ష్మిగారిని కూర్చోబెట్టారు. మాస్టారు చంకలో తడిసిన పటంతో వెనక నడుస్తున్నాడు.

"ఇది అసాధారణ వర్షపాతమండీ" అన్నాడు నాతో. ఇంకా సిగ్గు రాలేదు.

"ఏ ఇంటికి పోదామమ్మా?" అంది ఈదమ్మ.

ఉన్న ఫ్లాటు అమ్మేశారు కదా. సీతామహాలక్ష్మిగారు మొగుడి వైపు తిరిగింది.

"ఆ లేనా ఊళ్లవాళ్లకి చెప్పేవాళ్లు లేరేమోనండీ. మీకు ఈదమ్మ చెప్పింది కదా."