జీడితోటకి ముళ్ళతీగ

ఆ కాలు ఊపడం ఆపి కుదురుగా కూర్చో. నాన్నమ్మ చెప్పింది చెప్పినట్టు రాయి.

దేశాలు సరిహద్దుల్లో గోడలెందుకు కడతాయో నీ కాలేజీ పుస్తకంలోంచి చదివి వినిపించావు కదా. పక్కవాడంటే భయంతో కడతారని ఒక సిద్ధాంతం. సొంత జనం ముందు గొప్ప కోసమని ఇంకొకటి. కంచె పడ్డాకే అవతలివాడు శత్రువవుతాడని మూడోది. అంతేసి పెద్దలు ఒక్కోటే పట్టుకుని కొట్టుకుంటున్నారా? అక్కుపల్లి పక్కన ఒక తోట ఆసామి ఒక్కడే మూడూ చేశాడు.

ఊళ్ళోకి ఎస్టీడీ బూత్ వచ్చిన రోజులవి. నేను చేపలగంప నెత్తిన పెట్టుకుని పలాస బస్సుకి వెళ్ళేదాన్ని. దారి ఆయన జీడితోటలోంచే. రాలిన పండు దారినపోయేవాళ్ళది, పప్పుండే పిక్క తోటవాడిది. పండు తిని, పిక్కని చెట్టు మొదట్లో వేసి పోవాలి. మా అత్తల కాలం నుంచీ అంతే.

ఆసామికి పంచాయతీ ఎన్నికల పురుగు తొలిచింది. "సముద్రపోళ్ళు పిక్కలు దోసేత్తన్నారు" అని మీటింగు పెట్టి మరీ చెప్పి, తోట చుట్టూ ముళ్ళతీగ బిగించాడు. సెంటు భూమి లేనివాళ్ళు కూడా చప్పట్లు కొట్టారు.

మేము ఇసకలో చుట్టూ తిరిగొచ్చేసరికి బస్సు పోయేది, ఎండకి చేప మెత్తబడేది. మెత్తబడిన చేప ఎవరు కొంటారు? దారి పోతే కూడు పోయినట్టే. వెళ్ళి అడిగాను.

"బాబూ, మనిసి పట్టేంత సందు వొదిలీండి."

"సందొదిల్తే అది కంచేటే? పిక్కలెవులు కాత్తారు?"

"ఇన్నాళ్ళూ ఎవులు కాసినారు బాబూ?"

అటు తిరిగి చుట్ట వెలిగించుకున్నాడు, మహానుభావుడు.

మనిషి అలికిడి లేని తోటలో ఆ వేసవికి ఎలుగుబంట్లు కాపురం పెట్టాయి. పండ్లకని వచ్చి కొమ్మలు విరిచేశాయి. వాటికి ముళ్ళతీగ ఒక లెక్కా? కాపలావాడు పరుగో పరుగు. అప్పుడు ఆసామే మా గుమ్మంలోకి వచ్చాడు.

"గేటెట్టిత్తాను, నడవండే. సాయంత్రం తాళమేత్తాను."

"గేటు మీ పశువులసాలకెట్టుకోండి బాబూ. తీగ తీత్తే నడుత్తాం. లేదంటే ఆ ఎలుగులకే ఓటరు సీటీలిచ్చీండి."

మర్నాడు తీగ కోయించాడు. బస్సు టైముకి గంపెత్తుకుని ముందు నేనే నడిచాను. ఆసామి చెట్టు కింద నిలబడి, సిగ్గులేకుండా దండం పెట్టి ఓటడిగాడు. నేను గంప దించలేదు. మొహం మీదే అడిగాను, బాబూ, దారి మూసినప్పుడు మేం దొంగలం, ఇప్పుడు ఓటు కావాలంటే మేం మీకు చుట్టాలమా అని.

"అత్తా, కూడు సల్లారిపోతంది, లెగు."