ఎడమవైపు వేడి

రోహిణి కార్తెలో, కారులో ఏసీ వేసుకుని మండపేట నుంచి రాజమండ్రి వెళ్తూ, నా మీదికి వేడిగాలి కొడుతోందని మొదటిసారి అన్నాను. మా ఆయన తన ముందు గాలి వచ్చే చోట చెయ్యి పెట్టి చూసుకున్నారు. "చల్లగానే ఉంది కదా," అన్నారు. ఆయన వైపు చల్లగానే ఉంది. నా వైపు చెయ్యి పెట్టి చూడమన్నాను. బండి నడుపుతూ అంత దూరం ఎలా చాచను అన్నారు. ఆ మాట అక్కడితో ఆగిపోయింది. ద్వారపూడి దాటేసరికి నా చీర కుచ్చిళ్లు ఇస్త్రీ చేసినట్టు వేడెక్కాయి.

ఆ కారు మాకు కొత్త. విశాఖపట్నంలో ఆయన స్నేహితుడొకాయన కొన్నాళ్లు వాడి అమ్మేస్తుంటే తీసుకున్నాం. పెద్ద బండి. ముందు సీట్లలో కుడివైపు వాళ్లకి ఎంత చల్లదనం కావాలో, ఎడమవైపు వాళ్లకి ఎంత కావాలో విడివిడిగా తిప్పుకోవచ్చు. మా ఆయనకి మండపేటలో బియ్యం మిల్లు ఉంది. మిల్లు పనుల మీద ఆయన తరచూ రాజమండ్రి వెళ్తారు. ఆ వేసవిలో నాకు అక్కడ పంటి వైద్యం నడుస్తుండటంతో నేనూ వెంట వెళ్లేదాన్ని. ప్రతిసారీ అదే తంతు. ఆయన హాయిగా కూర్చునేవారు, నేను ఉడికిపోయేదాన్ని.

నాకప్పుడే యాభై నిండాయి. నెలసరి ఆగిపోయే వయసు. ఒంట్లోంచి ఆవిర్లు వచ్చేవి. ఇంట్లో అందరికీ తెలుసు, నేనేం దాచుకోలేదు. వంటింట్లో ఉన్నట్టుండి ఫ్యాన్ కింద నిలబడిపోవడం, అందరూ దుప్పట్లు కప్పుకున్నప్పుడు నేను కిటికీ తెరవడం వాళ్లు చూస్తూనే ఉన్నారు. కాబట్టి కారులో వేడి అనగానే ఎవరికీ ఇంకో ఆలోచన రాలేదు. మా ఆయన మెత్తగానే చెప్పారు, కోపంగా కాదు. "అది నీ ఒంట్లో వేడే. బండిది కాదు. డాక్టరుగారు చెప్పారుగా, కొన్నాళ్లు ఉంటుందని." సామర్లకోటలో ఉండే మా ఆడపడుచు ఒకసారి మాతో వస్తూ వెనక సీట్లో కూర్చుంది. వెనక చల్లగానే ఉందట. "నాకూ అలాగే ఉండేది వదినా, రెండేళ్లు ఓర్చుకో," అని నా భుజం మీద చెయ్యి వేసింది. ఆ చెయ్యి తీసేయాలనిపించింది.

ఒళ్లు నాది. అందులో ఏ వేడి ఎలా పుడుతుందో నాకు తెలియదా? ఆవిరి వస్తే గుండెల దగ్గర మొదలవుతుంది. మెడ మీదికి పాకి చెవులు మండుతాయి, నుదురు తడుస్తుంది. కాసేపటికి దిగిపోయి వెనకే సన్నగా చలి వేస్తుంది. కారులో వేడి అలా కాదు. మోకాళ్ల మీద, ఎడమ చేతి మీద పడుతుంది, పొడిగా ఉంటుంది, ఎక్కడికీ పాకదు. బండి ఆపేదాకా పోదు. రెండూ ఒకేసారి వచ్చిన రోజులు కూడా ఉన్నాయి. ఆ రోజుల్లో కూడా ఏది ఎక్కడిదో విడదీసి చెప్పగలిగేదాన్ని. అదే చెప్పాను కూడా. మా ఆయన విన్నారు గానీ, విని ఊరుకున్నారు.

నా పోరు పడలేక ఒకరోజు మండపేటలో ఏసీలు బాగుచేసే అతని దగ్గరికి తీసుకెళ్లారు. అతను గ్యాస్ తగ్గిందేమోనని నింపాడు. దాంతో కుడివైపు ఇంకా చల్లబడి, మా ఆయన మెడకి తువ్వాలు చుట్టుకోవలసి వచ్చింది. నా వైపు మాత్రం పిసరంత మారలేదు. అదే చెబితే అతను నా వైపు చూడకుండా మా ఆయనతోనే, ఎడమవైపు అద్దంలోంచి ఎండ పడుతోందండి, నల్ల ఫిల్మ్ వేయిస్తే సరిపోతుంది అన్నాడు. సాయంత్రం రాజమండ్రి నుంచి తిరిగొచ్చేటప్పుడు ఎండ కుడివైపు వెనక నుంచి పడుతుంది, అప్పుడు కూడా నా వైపే వేడి కదా అని అడిగాను. అతను నవ్వి, "అమ్మగారికి వేడి కొంచెం ఎక్కువనుకుంటానండి," అన్నాడు. మా ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వుతోనే నేను నిర్ణయించుకున్నాను. ఇది ఎందుకో నేనే తేలుస్తాను.

మా పుట్టింటివాళ్లకి భీమవరం దగ్గర రొయ్యల చెరువులు ఉన్నాయి. నీళ్ల వేడి చూడటం నాకు చిన్నప్పటి నుంచీ అలవాటైన పని. మా నాన్న చెరువుకి ఒక గట్టు దగ్గర చూసి వదిలేసేవారు కాదు. ఆ మూల, ఈ మూల, పొద్దున్న, మధ్యాహ్నం, పైన, అడుగున, అన్నీ చూసేదాకా మాట్లాడనిచ్చేవారు కాదు. నాన్న వాడిన థర్మామీటర్లు రెండు ఇప్పటికీ నా బీరువాలో ఉన్నాయి. మా ఆయన మిల్లుకి నడిచి వెళ్లాక కారు తాళం తీసుకుని షెడ్డులోకి వెళ్లాను. షెడ్డు తలుపులు తీసిపెట్టి, బండి స్టార్ట్ చేసి, రెండు వైపులా గాలి వచ్చే చోట చెరో థర్మామీటర్ పెట్టి, మీటలు పూర్తిగా చల్లదనానికి తిప్పాను.

మొదట రెండు వైపులా గాలి ఒకేలా చల్లబడింది. నేను తెల్లబోయాను. ఇన్నాళ్లూ వాళ్లన్నదే నిజమా అనిపించింది. దిగి వెళ్లిపోదామనుకుని కూడా దిగలేదు. ఇంజన్ అలా నడుస్తూ ఉంది. డాష్‌బోర్డులో ఇంజన్ వేడి చూపించే ముల్లు నెమ్మదిగా పైకి లేచింది. దాంతో పాటే ఎడమవైపు థర్మామీటర్ ఎక్కడం మొదలుపెట్టింది. కుడివైపు కదల్లేదు. ముల్లు మధ్యకి చేరేసరికి ఎడమవైపు గాలి వేడినీళ్ల గిన్నె మీంచి వచ్చినట్టుంది. బండి ఉన్నది షెడ్డు నీడలో. ఎండ లేదు. నా ఒంట్లో ఆవిరీ లేదు.

అంటే ఈ వేడి ఇంజన్‌ది. అంతవరకూ నాకు నేనే తేల్చుకున్నాను. మిగతాది కారుతో వచ్చిన పుస్తకం చదివీ, ఫోన్లో వీడియోలు చూసీ తెలుసుకున్నాను. ఇంజన్‌లో కాగిన నీళ్లు గొట్టాల్లోంచి డాష్‌బోర్డు వెనక ఉన్న చిన్న రేడియేటర్‌లోకి వస్తాయి. చలికాలం హీటర్ వేడి అక్కడిదే. గాలి దాని మీంచి రావాలా, పక్కనుంచి రావాలా అన్నది ఒక చిన్న రేకు తలుపు చూసుకుంటుంది. మా బండిలో అలాంటివి రెండు, వైపుకి ఒకటి. వాటిని తిప్పడానికి చిన్న మోటార్లు. నా వైపు తలుపు వేడి వైపు తెరుచుకుని ఇరుక్కుపోయిందని నా అనుమానం. మళ్లీ వెళ్లి ఎడమవైపు మీట అటూ ఇటూ తిప్పి, డాష్‌బోర్డుకి చెవి ఆనించాను. లోపల టిక్ టిక్ టిక్ అని చప్పుడు. కుడివైపు తిప్పితే చప్పుడు లేదు.

మధ్యాహ్నం భోజనం దగ్గర ఇదంతా చెప్పాను. మా ఆయన తింటూ విన్నారు. వచ్చేవారం చూద్దాంలే అన్నారు. చూద్దాం వద్దు, రేపే రాజమండ్రిలో పెద్ద వర్క్‌షాపుకి వెళ్దాం, బండి నేను నడుపుతాను, మీరు నా సీట్లో కూర్చోండి అన్నాను. నాకు లైసెన్స్ ఉంది. పెళ్లికి ముందు ట్రాక్టర్ కూడా నడిపాను. ఇంట్లో ఎవరికీ ఆ సంగతి గుర్తు లేకపోతే అది నా తప్పు కాదు.

మర్నాడు మిట్టమధ్యాహ్నం బయల్దేరాం. ఆయన్ని ఎడమవైపు కూర్చోబెట్టాను. అద్దాలన్నీ ఎత్తే ఉంచాను. కాలవ పక్క రోడ్డు మీద బండి మెల్లగా పోనిస్తూ నేను ఆయన వైపు చూడలేదు. ద్వారపూడి దగ్గర ఆయన చొక్కా పై గుండీ విప్పుకున్నారు. తర్వాత మోకాళ్లు పక్కకి జరుపుకున్నారు. ఎడమవైపు మీట ఆఖరిదాకా తిప్పారు. టిక్ టిక్ మంది. కడియం నర్సరీలు మొదలయ్యేచోట అద్దం దించేశారు.

"ఏంటండి, అద్దం దించేశారు?" అన్నాను.

ఆయన బయట పూలమొక్కల వైపు చూస్తూ ఉన్నారు. "నాకూ యాభై దాటాయిగా," అన్నారు.

ఆ మాటకి నవ్వు రావాలి. నాకు రాలేదు. వేసవంతా నేను కూర్చున్న సీట్లో ఆయన సగం దారి కూడా కూర్చోలేకపోయారు. ఆ మాటే పైకి అన్నాను. ఆయన తల ఊపారు.

వర్క్‌షాపులో సూపర్‌వైజర్ మర్యాదస్తుడే. ఆయ్, కూర్చోండి, మజ్జిగ తాగండి అన్నాడు. కానీ చెప్పిందంతా మా ఆయనకే చెప్పాడు. ఏసీ కంప్రెసర్ బలహీనపడి ఉంటుందండి, మొత్తం మార్చేద్దామండి అన్నాడు. కంప్రెసర్ పాడైతే కుడివైపు మంచులా ఎలా ఉంటుందని అడిగాను. అతను మా ఆయన వైపు చూశాడు. "ఆయన్ని చూడకండి. అడిగింది నేను, నాకు చెప్పండి," అన్నాను. గొంతు కాస్త పెరిగిందనుకుంటాను, పక్క బండి దగ్గర పని చేసేవాళ్లు ఆగి చూశారు. చూడనీ అనుకున్నాను. షెడ్డులో నేను చూసిందంతా వరసగా చెప్పాను. ఇంజన్ నుంచి లోపలికి వేడినీళ్లు తెచ్చే రబ్బరు గొట్టాన్ని పట్టకారుతో నొక్కి, నీళ్లు ఆపి చూడమన్నాను. నా వైపు చల్లబడితే నేను చెప్పింది నిజం, చల్లబడకపోతే మీరు చెప్పిన కంప్రెసర్ మార్చండి అన్నాను.

అతనికి ఇష్టం లేకపోయినా బానెట్ ఎత్తాడు. గొట్టాన్ని నొక్కి పట్టించి, బండి నడుస్తుండగా నన్ను లోపల కూర్చోమన్నాడు. వద్దు, మీరే కూర్చోండి అన్నాను. ఎడమ సీట్లో కూర్చుని గాలికి చెయ్యి అడ్డం పెట్టాడు. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత రెండో చెయ్యి కూడా పెట్టాడు. "చల్లబడిందండి," అన్నాడు. ఈసారి నాతోనే అన్నాడు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. అవలేదు. అతను బానెట్ దగ్గరికొచ్చి, ఈ గొట్టం ఇలాగే మూసేద్దామండి, మన గోదావరి జిల్లాల్లో హీటర్ ఎవరికి కావాలండి, చాలామందికి ఇలాగే చేసి పంపిస్తాం అన్నాడు. మా ఆయనకి అది నచ్చింది. చవకలో తేలిపోతుంది, మళ్లీ ఇక్కడికి తిరిగే పని ఉండదు, వేడీ రాదు, ఇంకేం కావాలి నీకు అన్నారు.

"వేడి వస్తోందంటే మీరు ఒప్పుకోలేదు. వస్తోందని తేలాక ఎందుకొస్తోందో చూడకుండా మూసేస్తానంటున్నారు," అన్నాను. "పాడైంది ఏదో ఉంది కదా లోపల. అది బాగుచేయండి. ముసురు పట్టినప్పుడు ముందు అద్దం మసకబారితే దాన్ని పోగొట్టేది ఆ వేడిగాలే. నా బండిలో ఉన్నది నాకు పని చెయ్యాలి."

నా బండి అన్నానని తర్వాత గుర్తొచ్చింది. ఎవరూ కాదనలేదు.

డాష్‌బోర్డులో సామాన్లు పెట్టుకునే అర విప్పి, లోపలికి చెయ్యి పెట్టి, అగ్గిపెట్టెలు రెండు కలిపినంత మోటారు ఒకటి బయటికి తీశారు. మూత విప్పితే లోపల తెల్ల ప్లాస్టిక్ చక్రానికి పళ్లు కొన్ని విరిగిపోయి ఉన్నాయి. మీట తిప్పినప్పుడల్లా ఆ చోట జారి టిక్ టిక్ మంటోంది, తలుపు మాత్రం కదలడం లేదు. పంటి వైద్యం నడుస్తున్నదాన్ని, ఆ విరిగిన పళ్లు చూసి అప్పుడు మాత్రం నవ్వొచ్చింది. కొత్త మోటారు తెప్పించడానికి కొన్నాళ్లు పట్టింది, అందాకా గొట్టాన్ని పట్టు వేసి నొక్కి ఉంచారు. అది బిగించిన రోజు కూడా నేనే వెళ్లాను, ఒక్కదాన్నే. గొట్టానికి వేసిన పట్టు తీయించి, ఇంజన్ బాగా వేడెక్కేదాకా కూర్చుని, రెండు వైపులా థర్మామీటర్ పెట్టి చూసుకున్నాకే సంతకం పెట్టాను.

తర్వాత సామర్లకోటలో మా ఆడపడుచు వాళ్ల గృహప్రవేశానికి వెళ్లాం. భోజనాల దగ్గర ఎవరో కారు సంగతి ఎత్తితే మా ఆయన ఉత్సాహంగా చెప్పడం మొదలుపెట్టారు. ఎడమవైపు వేడిగాలి వస్తోందని గమనించామని, గ్యాస్ నింపినా పోలేదని, గొట్టం నొక్కి చూద్దామన్న ఆలోచన వచ్చిందని. ఎవరికి వచ్చిందో చెప్పలేదు. బాగా చెప్పారు, అందరూ మెచ్చుకుంటున్నారు. నేను వడ్డన మధ్యలో గిన్నె పట్టుకుని ఆగాను.

"గమనించింది నేను," అన్నాను. "నా వయసు వల్ల వచ్చే వేడి అన్నది మీరు. గొట్టం నొక్కమన్నది కూడా నేనే."

పంక్తిలో అందరూ ఆకుల్లోకి చూశారు. మా ఆడపడుచు మెల్లగా, ఊరుకో వదినా, అందరిలోనూ ఏంటది అంది. అందరిలోనూ నవ్వినప్పుడు ఊరుకున్నాను, ఇప్పుడు ఊరుకోను అన్నాను. ఆవిర్లు నాకు ఇప్పటికీ వస్తున్నాయని, అవి వచ్చినప్పుడు అవేనని నేనే చెబుతానని, రానప్పుడు వచ్చాయని ఇంకొకరు చెప్పక్కర్లేదని కూడా అన్నాను. ఆ పంక్తిలో నా వయసువాళ్లు ఇద్దరు ముగ్గురున్నారు. ఒకావిడ మాత్రం తలెత్తి నన్ను చూసి, ఇంకొంచెం పప్పు వెయ్యమంది.

మా ఆయన ఆ రోజంతా ముభావంగా ఉన్నారు. ఇంటికొచ్చేటప్పుడు నలుగురిలో అలా అనాలా అని ఒకసారి అడిగారు. అనాలి అన్నాను. నేను సర్దిచెప్పలేదు.