పర్మిషన్ ఆపిన మనిషి

నిన్న పొద్దున మా వీధిలో మ్యాన్‌హోల్ మూత తీశారు. గడ్డపార మొన ఇనప మూత అంచున ఇరుక్కుని కీచుమన్న చప్పుడు, వెంటనే గుప్పుమని వాసన. ఎదురింటివాళ్లు కొంగులూ చేతిరుమాళ్లూ ముక్కుకు అడ్డం పెట్టుకుని లోపలికి పరుగెత్తారు. నేను మాత్రం చెప్పులేసుకుని బయటికి వెళ్లి, మూత తీసిన మనిషి పక్కన వంగి లోపలికి చూశాను. పైపులో మురుగు ఎంత మేర పారుతున్నదో, పైన గాలి ఆడే జాగా ఉందో లేదో చూసుకున్నాను. "దూరం జరగండమ్మా, కళ్లు తిరుగుతయ్" అన్నాడతను. నాకు కళ్లు తిరగవు. ఆ వాసన సోకితే నాకొక మనిషి గుర్తొస్తాడు, అంతే. ఇలా రాసినందుకు ఆయన నొచ్చుకునే రకం కాదు. "మరి నేను మల్లెపూల వాసనకు యాదికొస్తనా" అని నవ్వి ఊరుకునేవాడు.

ఆయన పేరు పురుషోత్తం. మా మున్సిపాలిటీలో ఓవర్సీరు. ఏ ఊరి మున్సిపాలిటీయో రాయను, అప్పటివాళ్లు కొందరు ఇంకా ఉన్నారు. బొగ్గు బావులకూ అడవికీ మధ్య ఉన్న ఊరు, అక్కణ్నుంచి ములకలపల్లి వైపు బస్సులు పోయేవి, ఆ మాత్రం తెలిస్తే చాలు. ఎనభైల మొదట్లో నేను అక్కడ ట్రేసర్‌గా చేరాను. ట్రేసర్ అంటే మ్యాపు మీద పల్చటి గుడ్డ పరిచి, గీతకు గీత సిరాతో ఎక్కించే పని. నా గీతలు బాగుంటాయని నాకు కొంచెం గర్వం ఉండేది. చేరిన వారానికే ఆయన నా బల్ల దగ్గరికి వచ్చి, నేను ఎక్కించిన డ్రైనేజీ మ్యాపు మీద వేలు పెట్టాడు.

"గీ వీధిల పైపు ఎన్ని ఇంచులది?"

"పన్నెండు సార్."

"ఎవరు చెప్పిన్రు?"

"మ్యాపులో ఉంది సార్."

"మ్యాపుల ఉంటది. భూమిల ఉన్నదా?" అని నన్ను అప్పటికప్పుడు ఎండలోకి తీసుకుపోయాడు. మూత ఎత్తించి, కొలబద్ద నా చేతికిచ్చి, నన్నే వంగి కొలవమన్నాడు. తొమ్మిది ఇంచులు. కాంట్రాక్టరు తొమ్మిది వేసి పన్నెండని రాయించాడు, అది ఎప్పటి కథో. "కాయితాన్ని నమ్మకు సుగుణా. ఎవ్వరినీ నమ్మకు, నన్నూ నమ్మకు. మూత తీసి చూడు" అన్నాడాయన. నన్ను ఇంత అనుమానపు మనిషిని చేసింది ఆయనే. మా ఇంట్లోవాళ్లకు ఈ సంగతి తెలియక పుట్టుబుద్ధి అనుకుంటారు.

ఆ రోజుల్లో మా వైపు భూమి కింద మురుగు లైను ఉండటమే వింత. మొదట కట్టిన క్వార్టర్ల కోసం వేసిన లైను అది. తర్వాత దాని చుట్టూ ప్లాట్లు పడ్డాయి. బావుల్లో పనిచేసేవాళ్లు, పాల్వంచ నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు, పల్లెల్లో పొలం చాలక వచ్చినవాళ్లు, అందరూ ఇళ్లు కట్టి ఆ ఒక్క పైపుకే కలిపారు. పైపు చివర, ఊరి బయట, రెండు మురుగు చెరువులు ఉండేవి. మురుగు అక్కడ ఎండకు తేరుకుని, ఆ నీళ్లు వాగులోకి పోవాలి.

పైపు ఎంత మోస్తున్నదో తెలుసుకోవడానికి ఆయనకొక పద్ధతి ఉండేది. నాలుగు నిమ్మకాయలకు ఎర్ర రంగు పూసి, పై వీధి మ్యాన్‌హోల్లో వేసేవాడు. కింది వీధి మ్యాన్‌హోల్ దగ్గర నేను గడియారం పట్టుకుని, ఎప్పుడు వస్తాయా అని చూసేదాన్ని. వాగుల్లో ప్రవాహం కొలిచేవాళ్లు అలాగే చేస్తారట. కానీ ఆ ప్లాట్ల కాలనీవాళ్లకు కనపడిందేమిటి? మురుగులోంచి ఎర్రగా తేలి వస్తున్న నిమ్మకాయలు. కొమురమ్మ అనే ఆమె చూసి గుండెలు బాదుకుంది. "చేతబడి చేస్తున్నడు! మా ఇండ్ల కింద నుంచి నిమ్మకాయలు పంపుతున్నడు!" క్షణంలో జనం పోగయ్యారు. ఒకాయన చెప్పు కూడా తీశాడు.

పురుషోత్తం గారు సంజాయిషీ ఇవ్వలేదు. నా చేతిలోని గడియారం తీసి కొమురమ్మ చేతిలో పెట్టాడు. "అవ్వా, నేను పై వీధికి పోయి ఇంకో నాలుగు వేస్త. చెయ్యి ఊపినప్పటి సంది ఎంతసేపటికి వస్తయో నువ్వే చెప్పు" అన్నాడు. జనమంతా మ్యాన్‌హోల్ చుట్టూ మూగారు. నడిచిపోయినా ఈపాటికి వచ్చేవాళ్లమే అనిపించేంత సేపటికి మూడు కాయలు వచ్చాయి. నాలుగోది రానే లేదు. "ఏంది సారూ, మురుగు నిలబడ్డట్టే ఉన్నది గదా" అంది కొమురమ్మ. "అవ్, గదే నేను రాసుకుంట" అన్నాడాయన. ఆ సాయంత్రమే ఫైల్లో రాశాడు, కొత్త లైను పడేదాకా ఆ కాలనీలో ఒక్క కొత్త ఇంటికీ పర్మిషన్ ఇవ్వరాదని.

అలా ఆగిన ఫైళ్లలో మా నాయినది ఒకటి. ఆయనది బోనకల్ వైపు పల్లె. చిన్నప్పుడే వచ్చి బొగ్గు బాయిలో చేరాడు. ముప్పై ఏళ్లు భూమి కింద పనిచేసి, దగ్గు తప్ప ఇంకేమీ ఇంటికి తెచ్చుకోలేదని అమ్మ అనేది. రిటైరయ్యాక క్వార్టరు ఖాళీ చేసి, ఆ కాలనీలోనే ప్లాటు కొని, పర్మిషన్ కోసం చూస్తూ కిరాయి ఇంట్లో ఉంటున్నాం. ఆ ఇంటి పాయిఖానా నాలుగిళ్లవాళ్లకు ఒకటే. దగ్గుతూ, చెంబు పట్టుకుని, వరసలో నిలబడేవాడు మా నాయిన. ఆయనకు ఒకటే కోరిక, తన సొంత ఇంట్లో, తన తలుపు గడియ తనే వేసుకోవాలి. దవాఖానాలో డాక్టరు ఆయన ఛాతీ ఫొటో చూసి నాతో విడిగా మాట్లాడాక, ఆ కోరికకు గడువు ఎంతో నాకు తెలిసింది. ఆయనకు చెప్పలేదు.

ఒకరోజు ధైర్యం చేసి ఓవర్సీరు గారిని అడిగాను. "తెలుసు సుగుణా, మీ నాయినదే అని. అందుకే అన్నిటికన్న కింద పెట్టిన. పైన పెడితే నా చెయ్యి ఆగదు" అన్నాడు. కాసేపు నాకు ఆయన మీద గౌరవం కలిగింది. కానీ మా ప్లాటుకు రెండు ప్లాట్ల అవతల ఒక పెద్దమనిషి ఇల్లు లేస్తోంది, రెండంతస్తులు. దానికి పర్మిషన్ ఉంది, కింద ఈయన సంతకమే ఉంది. నాయిన ప్రతి సాయంత్రం వెళ్లి ఆ గోడలు చూసి వచ్చేవాడు. "మీ సారు ఏమన్న ఆశపడుతుండా బిడ్డా? గాయనకు ఇచ్చిండు, మనకేం తక్కువ?" అనేవాడు. సారునే అడగాలంటే నాకు భయం.

జవాబు మా పక్క బల్ల గుమాస్తా యాదగిరి దగ్గర ఉంది. ఆయన దగ్గర అన్నిటికీ జవాబులుండేవి. "నీకు తెల్వదా? మీ సారుకు అడివి వైపు బినామీ భూమి ఉన్నదట. ఊర్ల ఇండ్లు ఆగితే గా భూములకు గిరాకీ. ప్రతి ఆదివారం ఎటు పోతున్నడనుకున్నవ్?" ఆ ఆదివారం నేను బస్టాండుకు పోయి చాటుగా నిలబడ్డాను. నిజంగానే ఆయన ములకలపల్లి బస్సు దిగాడు. చేతిలో ఆకుపచ్చ తువ్వాలులో చుట్టిన రెండు సీసాలు. సోమవారం పొద్దున తన బల్ల దగ్గర సీసా మూత తీసి, వాసన చూసి, కళ్లు మూసుకుని, మళ్లీ మూత పెట్టాడు. అడవి గూడెం నుంచి తువ్వాలులో చుట్టి తెచ్చే సీసాలో ఏముంటుందో మా ప్రాంతంలో చిన్నపిల్లలకూ తెలుసు. ఇప్పసారా. నాకు ఒళ్లు మండిపోయింది.

ఆ వారమే ఆకాశరామన్న ఉత్తరం రాశాను. ఎడమ చేత్తో రాశాను. ములకలపల్లిలో బినామీ భూమి, ఆఫీసులో సారా, పెద్దమనిషికి ఒక నీతి పేదవాడికి ఒక నీతి. ఆకుపచ్చ తువ్వాలుతో సహా అన్నీ రాసి, పెద్ద ఆఫీసుకు పోస్టు చేశాను. రాస్తున్నంతసేపూ న్యాయం చేస్తున్నాననే అనుకున్నాను.

ఎంక్వైరీ పడింది. దానికి ముందటి ఆదివారం ఆయన మా ఇంటికి వచ్చాడు. మా నాయినతో "మీ బిడ్డను ఒక్క పూట పని మీద తీస్కపోత, పొద్దుగూకక ముందే దిగబెడత" అని చెప్పి నన్ను బస్సెక్కించాడు. ఉత్తరం సంగతి తెలిసిపోయిందేమోనని దారంతా ఆయన మొహమే చూస్తూ కూర్చున్నాను. బస్సు దిగి, అడవి అంచున కాలిబాట పట్టి, వాగు ఒడ్డున ఒక చిన్న గూడేనికి చేరాం. వాగు ఇసుకలో ఒక ముసలామె చెలమ తోడుతోంది. తాగే నీళ్ల కోసం ఇసుకలో తవ్వుకునే గుంట అది. ఆమె భాష నాకు అర్థం కాలేదు, ఆయనకు సగం అర్థమయ్యేది. ఆమె చేయి చాపి చూపించింది. వాగు పాయకు దగ్గరగా ఒక పూడిపోయిన చెలమ. దానికి ఇవతల ఇంకొకటి. ఇప్పుడు తోడుతున్నది మూడోది, ఒడ్డు పక్కన.

"పైన మన మురుగు చెరువులు నిండితే తేరుకోకముందే గిట్ల పొర్లుతయ్" అన్నాడాయన. "ఏటేటా వీళ్లు వాగుకు దూరం జరుగుతున్నరు. ఇగ జరగనీకి జాగ లేదు. సీసాలల్ల తీస్కపోయేది గీ నీళ్లే."

"మరి ఆఫీసులో ఎందుకు చెప్పలేదు సార్?" అన్నాను.

"చెప్తే నేను వచ్చేనాడు చెరువు తూము మూస్తరు. గా ఒక్కనాడు నీళ్లు మంచిగుంటయ్." ఆయన జేబులోంచి ఒక కాగితం తీశాడు. ఎంక్వైరీ నోటీసుతో పాటు ఆయనకు పంపిన నా ఉత్తరం నకలు. "తువ్వాలు రంగు తెల్సింది నీకొక్కదానికే. నిన్ను బస్టాండ్ల చూసిన. దీంట్ల ఊరి పేరు తప్పు రాసినవ్, గీ గూడెం పేరు రాయి. ఆఫీసరు వస్తే సరైన జాగకు రావాలె గద."

తల ఎత్తలేకపోయాను. ఎప్పుడో అడగాల్సిన మాట అప్పుడు అడిగాను, ఆ పెద్దమనిషికి ఎందుకు సంతకం చేశారని. "భయపడి చేసిన" అన్నాడు. "గదొక్కటి నువ్వు నిజమే రాసినవ్." ఇంతలో ముసలామె సొరబుర్రతో నీళ్లు ముంచి ముందు నాకే ఇచ్చింది, కొత్త చుట్టాన్ని కదా. నేను పట్టుకున్నాను గానీ తాగలేకపోయాను. ఆయన నా చేతిలోంచి తీసుకుని గటగటా తాగాడు. ఆమె నన్ను చూసి నవ్వింది, పట్నపు పిల్లకు దాహం లేదనుకుందేమో.

ఎంక్వైరీ ఆఫీసరు ఏ గూడేనికీ పోలేదు. మా ఆఫీసులోనే కూర్చున్నాడు. అవి చెలమ నీళ్లని ఓవర్సీరు గారు చెప్పి, సీసాలు బల్ల మీద పెట్టబోతే, తీసెయ్యమన్నాడు. నన్ను పిలిచాడు. "ఈయన సోమవారం సీసాలు తెస్తారా?"

"తెస్తారు సార్."

"వాటిలో ఏముండేదో నువ్వు చూశావా?"

పురుషోత్తం గారు కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు. నాకు ఇసుకలోని మూడు గుంటలు కనిపించాయి. చెంబు పట్టుకుని వరసలో నిలబడ్డ నాయిన కనిపించాడు. "సీసా మూత నేనెప్పుడూ తీయలేదు సార్" అన్నాను. అందులో అక్షరం అబద్ధం లేదు, గూడెంలో చూసిన చెలమ మాట మాత్రం లేదు. ఆఫీసరు రాసుకున్నాడు.

నెల తిరక్కముందే ఆయనకు బదిలీ అయింది. వెళ్లే రోజు నా బల్ల దగ్గర ఆగాడు. తిడతాడనుకున్నాను. "ఇల్లు కట్టేటప్పుడు బాత్రూము వాటం చూసుకోమను మీ నాయినను. మేస్త్రీలు నీళ్లు వెనక్కి పారేటట్టు కడతరు" అన్నాడు. అంతే, సంచి భుజాన వేసుకుని వెళ్లిపోయాడు. నేను లేచి నిలబడ్డాను. క్షమించమని అడగనందుకు ఇప్పటికీ బాధపడతాను. ఆ తర్వాత ఆయనను చూడలేదు.

కొత్తాయన కుర్చీలో కూర్చుని ఫైళ్లన్నిటి మీదా సంతకాలు చేశాడు. ఎండాకాలం లోపలే మా ఇల్లు లేచింది. లైనుకు మా ఇంటిని కలిపే డ్రాయింగు నేనే గీశాను. మా నాయిన బాత్రూము తలుపుకు ఇత్తడి గడియ పెట్టించుకున్నాడు. చుట్టాలొస్తే ముందు ఆ తలుపే తెరిచి చూపించేవాడు. గొలుసు లాగితే నీళ్లు దుమికే చప్పుడుకు చిన్నపిల్లాడిలా నవ్వేవాడు. ఆ ఇంట్లో ఆయన బతికింది పదకొండు నెలలు. ఆ నవ్వు కోసం మళ్లీ అదే మాట చెప్తానా అని నన్ను నేను చాలాసార్లు అడిగాను. చెప్పనని గట్టిగా అనలేను.

ఒక మధ్యాహ్నం ఆయన గొలుసు లాగి బయటికి వచ్చి, చేతులు తుడుచుకుంటూ, నీళ్ల చప్పుడు ఆగేదాకా చెవి పెట్టి విన్నాడు. ముప్పై ఏళ్లు భూమి కింద తిరిగిన మనిషి.

"బిడ్డా, గిదంత ఎటు పోతది?"

"దూరం పోతది నాయినా."

"దూరమంటే? అక్కడెవరన్న ఉంటరా?"

"అడివి నాయినా అటు" అన్నాను. అదీ నిజమే. ఆయన నా మొహంలోకి కొంచెంసేపు చూసి, మంచం మీద వాలి, అటు తిరిగి పడుకున్నాడు.