ఖాజాబీ అరువిచ్చిన గుండె

ఖాజాబీ నోట్లో నాలుక ఉందా లేదా అని వాళ్ళ వీధిలో పందేలు కట్టేవారు. కూరగాయల గంపమ్మ పుచ్చు వంకాయలు తూకంలో వేస్తే 'ఇవి వద్దు' అనేది కాదు. పక్కింటివాళ్ళు 'ఒక్క గడియ చూసుకో' అని బిడ్డను చంకకిచ్చి సినిమాకు పోతే, ఆట వదిలేదాకా మోసేది. ఎనిమిదో తరగతి మధ్యలో, 'బడి చాల్లే, చిన్నోళ్ళను ఎవరు చూస్తారు' అని ఇంట్లో అన్నప్పుడు కూడా సరేనని తలూపి పుస్తకాల సంచిని గోడకు తగిలించింది. వారం తిరక్కుండా ఆ సంచిలో ఉల్లిగడ్డలు పోసుకున్నారు.

వాళ్ళ నాయన హుస్సేన్ దూదేకులాయన. విల్లు భుజాన వేసుకొని ఆదోని వీధులన్నీ తిరిగి, గడ్డకట్టిన పరుపులు విప్పి, దూది ఏకి, మళ్ళీ కుట్టి ఇచ్చేవాడు. పందొమ్మిది వందల డెబ్బై తొమ్మిదిలో ఒకరోజు శ్రీపాదరావు డాక్టరు దవాఖానాలో పరుపులు ఏకుతుంటే లోపల మాటలు చెవిన పడ్డాయి. ఉన్న ఒక్క నర్సమ్మ పెళ్ళి చేసుకొని గుంతకల్లు వెళ్ళిపోయిందట. ఆడవాళ్ళ వైపు చూసుకోవడానికి మనిషి లేదట.

"మా పాప ఉండాది సార్. ఎనిమిది దాకా సదివింది. కాకపోతే మాట్లాడదు" అన్నాడు హుస్సేన్.

"మాట్లాడేటోళ్ళు ఈడ శానామంది ఉండారు. మాట్లాడనోళ్ళే కావాల" అన్నాడు కాంపౌండరు గిడ్డయ్య. ఆయన సంగతి తెలిసినవాళ్ళు, ఆ శానామందీ ఆయనొక్కడే అనేవారు.

అలా ఖాజాబీ పనిలో కుదిరింది. సూదులు, సిరంజీలు నీళ్ళలో మరగబెట్టడం, రోగులు తెచ్చుకున్న సీసాలు కడగడం, ఏ పూటకు ఎంత మందు తాగాలో తెలిసేలా కాగితాన్ని రంపం పళ్ళలా కత్తిరించి సీసాకు అంటించడం ఆమె పనులు. వీటన్నిటికంటే పెద్ద పని ఇంకొకటి ఉంది. అది దుప్పటి వెనక పని.

శ్రీపాదరావుది ఎమ్మిగనూరు. రోజూ పొద్దున బస్సులో వచ్చి, సాయంత్రం బస్సులో పోయేవాడు. మంచి చదువు, మంచి చెయ్యి. కానీ సిగ్గులో ఖాజాబీకి అన్న వరస. ఆడ రోగి ఎదుట కూర్చుంటే ఆయన గోడమీది క్యాలెండరును చూస్తూ జబ్బులు అడిగేవాడు. ఆ దవాఖానా ఉన్నది బట్టల వ్యాపారుల వీధి పక్కన. ఆ ఇళ్ళ ఆడవాళ్ళు ఘోషా దాటి మగ డాక్టరు ముందుకు రారు. రెండు వైపులా సిగ్గే కాబట్టి మధ్యలో ఎమ్మిగనూరు నేత దుప్పటి ఒకటి కట్టారు. దానికి నడుమ ఒక కన్నం. గిడ్డయ్య స్టెతస్కోపును మధ్యకు కోసి, రబ్బరు గొట్టం అతికి బారెడు పొడుగు చేశాడు. చెవుల కొసలు ఇవతల డాక్టరుకు. గుండెకు ఆనించే బిళ్ళ కన్నంలోంచి అవతల ఖాజాబీకి.

"పైకి. ఇంకొంచెం ఎడమకు. ఇప్పుడు గాలి పీల్చుకోమను" అని డాక్టరు చెబుతుంటే, బావిలో దిగినవాడిచేత గట్టుమీద నిలబడి బొక్కెన వెతికించినట్టు ఉండేది.

అంతా బాగానే జరిగేది. ఒకరోజు హసన్‌బీ అనే కొత్త పెళ్ళికూతురు వచ్చింది. కళ్ళు తిరుగుతున్నాయని వచ్చిన పిల్ల బిళ్ళను చూడగానే రెండు చేతులతో పైట బిగించి పట్టుకుంది.

"అక్కా, నీ కాళ్ళు పట్టుకుంటా. మగమనిషి నా ఎద ఇంటాడా? మా ఇంట్లో తెలిస్తే ఇంగేమన్నా ఉందా? నీకు పెట్టుకో అక్కా. ఆయనకేం కనపడతాదా?"

కాదనడం ఖాజాబీకి యాడొచ్చు? బిళ్ళ తీసి తన పైట కింద పెట్టుకుంది. పెట్టుకోగానే భయం పట్టుకుంది. భయంతో గుండె పత్తి మిల్లు ఇంజనులా ఎత్తుకుంది.

"అబ్బ! ఈ వేగమేంటమ్మా!" అన్నాడు డాక్టరు క్యాలెండరుతో. "రక్తం తక్కువగా ఉన్నట్టుంది. టానిక్ రాస్తాను. టీ మానేయాలి."

టానిక్ తాగి హసన్‌బీకి కళ్ళు తిరగడం తగ్గింది. సంగతి మాత్రం మేడమీద ఆరేసిన చీరలా నలుగురికీ కనబడింది. ఆ దవాఖానాలో పిల్ల బంగారమట, మన గుండె వినిపించే పనే లేదట. అంతే, వీధిలో ఆడవాళ్ళంతా కట్టకట్టుకొని రావడం మొదలుపెట్టారు. అందరిదీ ఒకే మాట, 'నీది పెట్టుకో తల్లీ.' వచ్చినవాళ్ళందరికీ ఖాజాబీ తన గుండె అరువిచ్చింది. ఎవరు వచ్చినా అదే భయం, అదే పరుగు.

డాక్టరు మతి పోయింది. "గిడ్డయ్యా, ఈ వీధిలో ఏదో ఉందయ్యా. ముసలావిడకూ అదే గుండె, కోడలికీ అదే గుండె!"

"నీళ్ళ దోషం సార్" అన్నాడు గిడ్డయ్య, సీసా వైపు చూస్తూ.

"నీళ్ళు కాదు, టీ. రోజుకెన్నిసార్లు తాగుతారో వీళ్ళు!" అని అందరికీ టీ మాన్పించాడు.

దాంతో వీధి అట్టుడికింది. అన్నం లేకున్నా ఉంటారు గానీ చాయ్ లేకుండా ఉండే ఆడవాళ్ళు కారు వాళ్ళు. మొగుళ్ళకేమో చక్కెర మిగిలిందని సంతోషం. కొందరు దుప్పటి వెనక్కు వచ్చి ఖాజాబీ మీదే కస్సుమన్నారు.

"నీ గుండెను రవ్వంత నిదానంగా కొట్టుకోమని సెప్పరాదా? నీ భయానికి మేం చాయ్ ఇడిసిపెట్టాల్నా?"

ఖాజాబీ దానికీ సరేనంది. బిళ్ళ పెట్టుకొని దుప్పటి గళ్ళను చూస్తూ మెల్లగా ఊపిరి తీయడం నేర్చుకుంది. రానురాను గుండె చెప్పినమాట వినసాగింది. తన దగ్గరే తప్పుందేమోనని ఆమె కూడా ఇంట్లో టీ మానేసింది. నిజానికి డాక్టరు మాట విన్నది ఆమె ఒక్కతే. మిగతావాళ్ళు తలుపులు వేసుకొని తాగేవారు.

ఇలా ఉండగా ఖాతూన్ బీ వచ్చింది. ఆ వీధిలో చిన్నా పెద్దా అందరికీ ఆమె పిన్నమ్మే, ఖాలా అనే పిలుస్తారు. భారీ మనిషి, అంతకంటే భారీ గొంతు. కొడుకు ఉస్మాన్ సాబ్ బట్టల అంగడిలో కూర్చుంటే, ఆమె ఇంట్లో తెర వెనక కూర్చొని అంగడి నడిపేది. ఆమె లోపలికి వచ్చి బల్లమీద కూలబడితే బల్ల మూలిగింది.

"నా కొడుక్కు నామీద నమ్మకం లేదు పాపా. మెట్లెక్కితే ఆయాసమొస్తాది అంటాడు. ఆయాసం రాకుంటే అవి మెట్లెట్లయితాయి? మనమడు పుడితే కొండమీద దర్గాకు నడిచొచ్చి చాదర్ కప్పుతానని మొక్కుకున్నా. వాడు పుట్టినాడు, మొక్కు మిగిలిపోయింది. వచ్చే బేస్తవారం పోవాల. డాక్టరు సరే అంటేనే పంపిస్తా అంటాండాడు."

"దగ్గు ఉందామ్మా?" అని అవతలనుంచి అడిగాడు డాక్టరు.

"ఈ ఊర్లో పత్తి ఉన్నన్నాళ్ళు దగ్గు ఎవరికి లేదప్పా?" అని గట్టిగా చెప్పి, బిళ్ళను మోచేత్తో ఖాజాబీ వైపు తోసింది. "ఊ, పెట్టుకో."

"ఖాలా, మీరు..." అంది ఖాజాబీ.

"ఏందీ?"

"ఏం లేదు ఖాలా."

దుప్పటి గళ్ళు చూస్తూ ఖాజాబీ నిదానంగా ఊపిరి తీసింది. డాక్టరు చాలాసేపు విన్నాడు. చాలా రోజుల తర్వాత ఆ వీధిలో ఒక నెమ్మదైన గుండె దొరికినందుకు ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"భేష్! పదహారేళ్ళ పిల్ల గుండెలా ఉందమ్మా. ఒక కొండేమిటి, రెండు ఎక్కండి!"

ఖాతూన్ బీ మొహం పున్నమి చంద్రుడైంది. "ఇన్నావా? పదహారేళ్ళంట!" అని లేచి, దవాఖానా మెట్లు దిగడానికి గోడ పట్టుకుంది. ఒక్కొక్క మెట్టుకూ ఆగింది. ఆమె ఊపిరిలో సన్నని ఈల వినబడుతోంది. చెప్పు పట్టీ కాస్త పక్కకు జరిగినచోట, పిండిలో వేలు గుచ్చినట్టు పాదంమీద గుంట పడి ఉంది. అది ఖాజాబీ చూసింది.

ఆ సాయంత్రానికి వీధంతా పాకింది, ఖాలాది పదహారేళ్ళ గుండె అని. జట్కా మాట్లాడుకున్నారు, చాదర్ కొన్నారు. ఖాజాబీకి మాత్రం కంచం ముందు కూర్చున్నా ఆ పాదంమీది గుంటే కనబడింది. ఎక్కేది ఆ ముసలామె సొంత గుండెతోనే కదా, అన్ని కొండ మెట్లు ఎలా ఎక్కుతుంది? నడిమెట్ల మీద కూలిపోతే?

మర్నాడు సీసాలు కడుగుతూ, "గిడ్డయ్యన్నా, ఒకరి గుండె ఇంకొకరిదని సార్ అనుకుంటే..." అని మొదలుపెట్టింది.

"ఆ గొట్టం అతికింది నేనే పాపా. దాని ఇవతల ఏం జరుగుతాందో, అవతల ఏం జరుగుతాందో నాకు తెలుసు" అన్నాడు గిడ్డయ్య. "సెప్తే నీ పని పోతాది. సెప్పకుంటే ఆమె పోతాది. నన్ను మాత్రం అడగొద్దు, నాకు నా పని కావాల." అని లోపలికి పోయాడు. ఎప్పుడూ లేనిది ఆ రోజంతా ఆయన కూడా మాట్లాడలేదు.

బేస్తవారం పొద్దున్నే జట్కా దవాఖానా ముందు ఆగింది. కొండకు పోతూ పోతూ డాక్టరుకు మిఠాయి ఇచ్చిపోదామని ఖాతూన్ బీ దిగింది. ఎమ్మిగనూరు బస్సు ఇంకా రాలేదు. ఆమె దుప్పటి వెనక కూర్చొని ఆయాసం తీర్చుకోసాగింది.

ఖాజాబీ కుర్చీలో ఉన్న గొట్టం చూసింది. డాక్టరు లేడు కాబట్టి రెండు కొసలూ ఆమె చేతికే దొరికాయి. చెవుల కొసలు తెచ్చి ఖాతూన్ బీ చెవుల్లో పెట్టింది.

"ఏమే, ఏం చేస్తాండావు?"

ఖాజాబీ బిళ్ళను తన పైట కింద పెట్టుకుంది. "ఇది నాది ఖాలా. మొన్న సార్ విన్నది."

ఖాతూన్ బీ కళ్ళు విప్పార్చింది. "ఓయమ్మా! కొత్త గడియారం లెక్క టక్కుటక్కుమంటాందే!"

ఖాజాబీ బిళ్ళను మెల్లగా తీసి ఆమె ఎదకు ఆనించింది.

ఖాతూన్ బీ నవ్వు అలాగే ఆగింది. "ఇదేందే, కుంటి గుర్రం జట్కా లాగినట్లుండాది? నాలుగడుగులేస్తాది, నిలబడతాది, మళ్ళా ఉరుకుతాది... ఇదెవరిది?"

"మీది."

"నాదా? కాదులే. మళ్ళీ పెట్టు."

మళ్ళీ పెట్టింది. ఖాతూన్ బీ చాలాసేపు విన్నది. అంత పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో, "ఈసారికి నీదే ఉండనీలే పాపా. మొక్కు తీర్చుకొని వస్తా" అంది గుసగుసగా.

"ఇయ్యను ఖాలా" అంది ఖాజాబీ. ఆ మాట తన నోటినుంచే వచ్చిందా అని తనే అటూ ఇటూ చూసింది. "మీరు కొండ ఎక్కొద్దు."

"ఎవరు సెప్పినారు?"

"నేనే సెప్తాండా."

బయటనుంచి ఉస్మాన్ సాబ్ కేక వేశాడు. "అమ్మీ, ఎండ ఎక్కుతాంది. పోదామా?"

ఖాతూన్ బీ ఖాజాబీని కిందినుంచి పైదాకా చూసింది. ఆ పిల్ల దారికి అడ్డంగా నిలబడే ఉంది.

"ఉండురా! డాక్టరు వచ్చేదాకా యాడికీ పోయేది లేదు" అని కొడుక్కు చెప్పింది ఖాతూన్ బీ.

డాక్టరు వచ్చి చెవులకు పెట్టుకున్నాడు. ఈసారి ఖాజాబీ బిళ్ళను ఖాతూన్ బీ ఎదకే ఆనించింది. వింటూ వింటూ క్యాలెండరు మీది చూపు తిప్పుకున్నాడు. "ఇది... మొన్నటి గుండె కాదే!"

"మొన్న నాది ఇంట్లో పెట్టి వచ్చింటి నాయనా" అంది దుప్పటి వెనకనుంచి ఖాతూన్ బీ. "ఈ పిల్లది అడుక్కున్నా."

డాక్టరు గొంతు మెల్లగా వినబడింది. "అయితే ఆ హసన్‌బీది?"

"నాదే సార్" అంది ఖాజాబీ.

"ఆమె అత్తగారిది?"

"అదీ నాదే సార్."

"అయ్యో రాఘవేంద్రా! వీధి మొత్తానికి టీ మాన్పించానే!"

"నేనూ మానేసినా సార్."

గిడ్డయ్య ఉన్నట్టుండి దగ్గుతూ మందుల గదిలోకి పరుగెత్తాడు. డాక్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు, మళ్ళీ పెట్టుకున్నాడు. "ఖాజాబీ, ఇలాంటి పని చేసినందుకు నిన్ను..."

"దాన్ని తీసేసినావంటే మా వీధిలో ఒక్క ఆడమనిషి నీ మెట్టెక్కదు, సెప్తాండా" అంది ఖాతూన్ బీ. గొంతు తిరిగి వచ్చింది.

"తీసేయనమ్మా. కానీ ఇకమీదట ఎవరి గుండె వాళ్ళే తెచ్చుకోవాలి" అన్నాడు డాక్టరు. తర్వాత పాదాల సంగతి అడిగాడు. ఈసారి ఖాజాబీ తాను చూసిందంతా చెప్పింది. గుండె అలసిపోయిందని, కాళ్ళకు నీరు దిగిందని, ఆ రోజు కొండ ఎక్కి ఉంటే ఏమయ్యేదో చెప్పలేనని అన్నాడాయన. జట్కా కొండకు కాకుండా బస్టాండుకు పోయింది. అక్కడినుంచి తల్లీకొడుకులు కర్నూలు పెద్దాసుపత్రికి వెళ్ళారు.

మాత్రలు, చప్పిడి కూడు, తిట్లు, ఇవన్నీ గడిచేసరికి ఖాతూన్ బీ పాదాలు మళ్ళీ చెప్పుల్లో పట్టాయి. ఇంకొక బేస్తవారం చూసి అందరూ కొండకు బయల్దేరారు. ఉస్మాన్ సాబ్ చాదర్ తలమీద పెట్టుకొని, పెళ్ళాంబిడ్డలతో ఎక్కాడు. ఖాతూన్ బీ కింద జట్కాలో ఉండాలని డాక్టరు కట్టడి. కాపలాకు ఖాజాబీ.

"ఒక్క మెట్టు ఎక్కి దిగుతా" అంది ఖాతూన్ బీ.

"వద్దు ఖాలా."

"ఎక్కనులే. ఊరికే మెట్టుమీద కూచుంటా. మొక్కుకు మెట్టన్నా తాకాల కదా?"

"కూచోండి. మొదటి దాని మీదే."

ఖాతూన్ బీ కూర్చుంది. కోడలి వంట గురించి, మనమడి అల్లరి గురించి చెబుతూ చెబుతూ, చేతులు వెనక్కు ఆనించి, ఏమీ ఎరగనట్టు రెండో మెట్టు మీదికి జరిగింది. ఖాజాబీ వెళ్ళి మూడో మెట్టు మీద అడ్డంగా కూర్చుంది.

"జరుగు పాపా, ఎండ కొడతాంది. పైన నీడ ఉండాది."

"జరగను ఖాలా."

"దేవుడా" అంది ఖాతూన్ బీ కొండ వైపు చూసి, "ఇన్నేండ్లు మూగదాని లెక్క ఉన్న పిల్లకు నోరిచ్చేది, నా దగ్గరే మొదలుపెట్టాల్నా?"

ఖాజాబీకి నవ్వు ఆగలేదు. నవ్వుతూనే కూర్చుంది గానీ, అక్కడినుంచి ఇసుమంత కూడా కదల్లేదు.