పిట్టలు తల తిప్పిన వైపు

మా పెద్దబాపు పోయి ఇవాళ్టికి మూడు వారాలు. ఈ ఒక్క వాక్యం రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. రాసి చూసుకుంటే ఇంకెవరి గురించో రాసినట్టుంది.

ఆదివారం పొద్దున ఎనిమిదిన్నరకు ఫోన్ మోగింది. నేనింకా దుప్పటి తీయలేదు. తెలియని నంబరు, అవతల ఏడుస్తున్న మగగొంతు. ‘బహెన్, ఈ కెమెరా పట్టుకున్న పెద్దమనిషి మీకేమవుతాడు?’ అని హిందీలో అడిగాడు. సూరత్ శివారు సచిన్‌లో ఫ్యాక్టరీల వెనక మట్టిరోడ్డు మలుపులో అతని టెంపోకు బ్రేకు పట్టలేదట. ‘హారన్ బజాయా బహెన్, బహుత్ బజాయా’ అని అదే మాట మళ్లీ మళ్లీ అంటున్నాడు. అంతసేపు హారన్ కొట్టినా ఆయన పక్కకు జరగలేదట. ఎలా జరుగుతాడు? మా పెద్దబాపుకు చెవులు వినబడవు. ఆ సంగతి ఆయన కెమెరా సంచీ మీదే హిందీలో రాసుకున్నాడు, కింద నా నంబరుతో సహా. ఆ నంబరు ఒకనాటికి ఇందుకు పనికొస్తుందని నాకు కలలో కూడా తట్టలేదు.

ఆయన మా నాన్నకు అన్న. పెళ్లికాకముందే కరీంనగర్ వైపు పల్లె నుంచి సూరత్ వచ్చి సాంచాల మధ్య నిలబడ్డాడు. సాంచాలంటే మా వాళ్ల మాటలో మరమగ్గాలు. ఆ షెడ్లో అరిచినా ఎవరికీ వినబడదు కాబట్టి పనివాళ్లు వేళ్లతో, పెదవులతో మాట్లాడుకుంటారు. అలా ముప్పై ఏళ్లు నిలబడితే చెవులు ఎప్పుడు పోయాయో ఆయనకే తెలియలేదు. మొదట పెద్దమ్మ కనిపెట్టింది. కుక్కర్ ఎన్ని కూతలు కూసినా పక్కనే కూర్చున్న మనిషిలో చలనం లేదు. పెద్దమ్మ తిట్లు వినబడకపోవడం మాత్రం పాత అలవాటేనని మా నాన్న వేళాకోళం చేసేవాడు.

చెవులు పోయాకే ఆయనకు కెమెరా పిచ్చి పట్టింది. పెళ్లిళ్ల ఫొటోలు తీసే ఒకతను పక్కన పడేసిన పాత కెమెరా తెచ్చుకుని, దాని మీది ఇంగ్లీషు అక్షరాలకు అర్థం ఏమిటని నన్ను వారం రోజులు వేధించాడు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. అప్పటి నుంచి మొన్నటి దాకా, పండగో పరీక్షో ఉంటే తప్ప, ప్రతి ఆదివారం పొద్దున సూరత్‌లోనే వడోద్‌లో ఉన్న మా గది ముందు ఆయన స్కూటర్ ఆగేది. నేను వెనక ఎక్కేదాన్ని. ఎందుకంటే ఆయన తీసేది పిట్టల్ని, పిట్ట ఎక్కడుందో చెప్పేది దాని కూత. ఆ కూత వినడం నా పని.

దానికి మాకొక పద్ధతి ఉండేది, సాంచాల షెడ్డు నుంచి వచ్చిందే. కూత ఎడమనుంచి వస్తే నేను ఆయన ఎడమ భుజం తట్టాలి, కుడినుంచి వస్తే కుడి భుజం. మెడ వెనక వేలు పెడితే పైన కొమ్మల్లో ఉన్నట్టు. వీపు మీద రెండుసార్లు చరిస్తే వెనక బండి వస్తోంది, పక్కకు జరుగు అని. ఆయన కన్ను కెమెరా నుంచి తీయకుండానే జరిగేవాడు. ఒక్కసారి కూడా తిరిగి చూసుకోలేదు. అంత నమ్మకం.

చెవి మిషన్ పెట్టించుకోమని నేను ఎన్నిసార్లు పోరానో. ఒకసారి తెచ్చి పెట్టాం కూడా. రెండు రోజులకే తీసి డబ్బాలో దాచేశాడు. "ఏందే బిడ్డా, గిది పెట్టుకుంటే సాంచాలు నెత్తిల నడుస్తున్నట్టే ఉన్నది. జర నన్ను ఊకుండనియ్యి" అన్నాడు. ఆ డబ్బా ఇంకా దేవుడి పటాల పక్కన అలాగే ఉంది. నాకు దాన్ని చూస్తే ఒళ్లు మండిపోతోంది. ఆయన మీదో నా మీదో తెలియడం లేదు.

మనుషుల్ని తీయడం ఆయనకు అంతగా ఇష్టముండేది కాదు. అయినా ఊరిని ఆయన చూసినట్టు నేనెప్పుడూ చూడలేదు. కతర్‌గామ్‌లో వజ్రాలు సానబట్టేవాళ్లు మధ్యాహ్నం తిండికి బయటికొస్తారు. పొద్దుటి నుంచి దీపాల కింద వంగి కూర్చున్నవాళ్లు ఒక్కసారిగా ఎండలోకి వచ్చి, అందరూ ఒకేలా చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకుంటారు. ఆ ఒక్క క్షణం కోసం ఎదురుగా టీకొట్టు దగ్గర నాలుగు ఆదివారాలు పడిగాపులు పడ్డాం. ఐదో వారం పెద్దబాపు నవ్వుతూ నెత్తి కొట్టుకున్నాడు. "ఆదివారం ఆళ్లకు గూడ సుట్టే గదనే!" అన్నాడు. నాలుగు వారాలు ఇద్దరికీ ఆ సెలవు సంగతి తట్టలేదు. చివరికి ఒక పనిరోజు సెలవు పెట్టి వెళ్లి తీశాడు.

చలికాలంలో తాపీ నది కాజ్‌వే దగ్గరికి తెల్లటి సీగల్ పిట్టలు వస్తాయి. జనం గాంఠియా అనే శనగపిండి చిరుతిండి పొట్లాలు విప్పి విసురుతుంటే అవి గుంపులుగా మీద పడతాయి. అందరూ అప్పుడే ఫొటోలు తీస్తారు. పెద్దబాపు మాత్రం గాంఠియా అయిపోయేదాకా మెట్ల మీద కూర్చునేవాడు. "తిండికి ఎగవడ్డప్పుడు ఎవలైనా ఒక్కతీర్గనే ఉంటరు. కడుపు నిండినంక సూడాలె, ఏ పిట్టది ఆ పిట్ట మొకం" అనేవాడు. ఊరికి వెళ్లే రైల్లో కూడా అంతే. స్టేషన్లలో కెమెరా బయటికి తీసేవాడు కాదు. ఎవరూ ఎక్కని, ఎవరూ దిగని చోట సిగ్నల్ కోసం బండి ఆగితే మాత్రం కిటికీ దగ్గర చోటు కోసం పోట్లాడేవాడు.

మా చాల్ వరసగదుల్లో ఆయన్ను ఎవరూ మరిచిపోలేనిది దసరాకే. దసరానాడు పాలపిట్టను చూడాలని మనవాళ్లకు ఉంటుంది. వడోద్‌లో పాలపిట్ట ఎక్కడిది? సచిన్ అవతల పొలంలో, కరెంటు తీగ మీద ఒకటి దొరికింది ఆయనకు. దాన్ని పెద్దగా అచ్చు వేయించి, దసరా పొద్దున తలంటుకుని, ఆ ఫొటో పట్టుకుని గది గదికీ తిరిగేవాడు. "పాలపిట్ట అచ్చింది, సూసుకోండ్రి, దండం పెట్టుకోండ్రి" అని గడపల దగ్గర నిలబడి కేకేసేవాడు. తన గొంతు తనకు వినబడదు కాబట్టి పక్క గల్లీ దాకా వినిపించేది. షిఫ్టుకు వెళ్లేవాళ్లు టిఫిన్ డబ్బా చంకలో పెట్టుకుని దండం పెట్టి పోయేవాళ్లు. ఈసారి దసరాకు మా చాల్‌లో పాలపిట్ట రాదు.

పిట్టల గురించి ఆయన నాకు చెప్పిన వాటిలో ఒకటి ఇప్పుడు నన్ను నిద్రపోనివ్వడం లేదు. "కూత ఇనబడకున్నా ఫికరు లేదు. తలకాయలు సూడు. అన్ని పిట్టలు ఒక్కసారే ఎటు తిరుగుతయో అటు సప్పుడున్నట్టు. గవి నాకు ఇంకో జత చెవులు" అనేవాడు. తీతువు పిట్టలంటే ఆయనకు మరీ ఇష్టం, అలికిడికి మొదట అరిచేది అవే కాబట్టి. తీతువు కూత అపశకునమని పెద్దమ్మ గొణిగితే, "నాకు ఇనబడదు గద, నాకేం శకునం" అని నవ్వేవాడు.

ఇక దాటవేయకుండా చెప్పాలి. శనివారం సాయంత్రం ఆయన మా గుమ్మం దగ్గరికొచ్చి, "రేపు సచిన్ దిక్కు పోదామా? నాలా పొంటి తీతువులు దిగినయట" అన్నాడు. ఆ వారమంతా నేను చీరల డిజైన్లు వేసి వేసి కంప్యూటర్ ముందు నడుం విరిగి ఉన్నాను. రానన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. పక్కకు తిరిగి, "ప్రతి ఆదివారం నీ చెవులు నేనేనా?" అన్నాను.

పెద్దబాపు పెదవులు చూసి మాట పట్టేస్తాడు. ఆ మాట అనేటప్పుడు నా మొహం ఆయన వైపు లేదు, నిజమే. కానీ గుమ్మం పక్కన గోడకు అద్దం ఉంది. అద్దంలో నా పెదవులు ఆయనకు కనబడ్డాయో లేదో నాకు తెలియదు. "మంచిగ పండుకో బిడ్డా" అని నా నెత్తి నిమిరి వెళ్లిపోయాడు. నా మాట పట్టుకోకపోయినా ఆయన అదే అనేవాడు. పట్టుకున్నా అదే అనేవాడు. అదే నన్ను తినేస్తోంది.

‘నువ్వు పోలేదా బిడ్డా?’ అని పెద్దమ్మ ఒకే ఒక్కసారి అడిగింది, అదీ ఆసుపత్రి వరండాలో. పోలేదన్నాను. మళ్లీ అడగలేదు. అడిగి, నాలుగు తిట్టి, చెంప పగలగొట్టినా బాగుండేది.

పదకొండో రోజు తర్వాత కెమెరా ఇంటికొచ్చింది. అద్దం పగిలింది గానీ లోపలి కార్డుకు ఏమీ కాలేదు. పోయిన ఆదివారం దాన్ని పెద్దమ్మ ఇంట్లోనే నా లాప్‌టాప్‌లో పెట్టాను. ఆ పొద్దున తీసినవి నలభై దాకా ఉన్నాయి. నాలా పక్క బురదలో తీతువులు, ఒక కొంగ, నీళ్లలో ఫ్యాక్టరీ గొట్టం నీడ. తీతువులు తమ మానాన తాము మేస్తున్నాయి. ఒక్కొక్కటే చూస్తూ చివరిదానికి వచ్చాను.

చివరి ఫొటోలో ఏ పిట్టా మేయడం లేదు. ఏడు తీతువులు, కొంగతో కలిపి ఎనిమిది. అన్నీ తలలెత్తి ఒకే వైపు చూస్తున్నాయి. కెమెరా వైపు కాదు, కెమెరా పట్టుకున్న మనిషి భుజం మీదుగా, ఆయన వెనక్కి. ముందున్న తీతువు ముక్కు తెరిచి ఉంది, అరుస్తోంది. బొమ్మ ఎక్కడా చెదరలేదు, ఈకలు లెక్కపెట్టొచ్చు. చప్పుడు ఎటుందో పిట్టలు ఆయనకు చెప్పాయి. చూసి కూడా నొక్కాడో, నొక్కాకే చూశాడో నాకు తెలియదు. ఆ క్షణాన ఆయన వీపు మీద రెండుసార్లు చరచాల్సిన చెయ్యి వడోద్‌లో దుప్పటి కింద ఉంది.

పెద్దమ్మ వంటింట్లోంచి వచ్చి, చేతులు కొంగుకు తుడుచుకుంటూ నా పక్కన కూర్చుంది. తలకాయల సంగతి ఆయన ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. ఆమెకు పిట్టల గోల పట్టదు. కాసేపు ఆ ఫొటోను కళ్లు చిట్లించి చూసింది. తర్వాత మెల్లగా తల తిప్పి, తన వెనక ఉన్న గుమ్మం వైపు చూసింది.

"ఎవలచ్చిండ్రే?" అంది.

"ఎవరూ రాలేదు పెద్దమ్మా" అన్నాను. అంటూనే నేను కూడా వెనక్కి తిరిగి చూశాను.