కిటికీ వైపు తిరిగే శౌరమ్మ

శౌరమ్మ సిస్టర్‌కి ముప్ఫై ఏళ్లుగా ఒకటే అలవాటు. నర్సింగ్ పిల్లలు సూది పట్టుకుని తన మొహంలోకి చూశారంటే చాలు, చటుక్కున కిటికీ వైపు తిరిగిపోతుంది. "జవాబు నా మొహాన రాసుందా? పేషెంటు మొహం చూడండే!" అంటుంది. ఆమె దగ్గర ఏడవకుండా చదువు ముగించిన పిల్ల లేదు. పెళ్లి శుభలేఖ మొదట ఆమెకివ్వని పిల్లా లేదు.

మూడో ఏడు చదువుతున్న భానుశ్రీది మరీ చోద్యం. పుస్తకమంతా అప్పజెబుతుంది గానీ, మంచం దగ్గరికొస్తే మేడమ్ కనుబొమ్మ కదిలిందా లేదా అనే చూస్తుంది. ఆ శనివారంతో వార్డు పోస్టింగు ఆఖరు. సొంతంగా నిర్ణయం తీసుకోగలదని శౌరమ్మ సంతకం పెట్టాలి. పెట్టకపోతే పోస్టింగు మళ్లీ మొదటికి. మొహమాటానికి పెట్టే మనిషా ఆవిడ!

ఎనిమిదో మంచం మీద పటమట నుంచి వచ్చిన మెహబూబ్ బీ ఉంది. షుగరు మనిషి. టిఫిన్ తినగానే ఇన్సులిన్ ఇవ్వమని డాక్టరు రాశారు. ప్లేటు ఖాళీగా ఉంది.

"తిన్నాలే బేటీ, పొడిచెయ్," అంది ముసలమ్మ.

భానుశ్రీ సూదిలోకి మందు తీసి, శౌరమ్మ వైపు చూసింది. శౌరమ్మ కిటికీ వైపు తిరిగింది. ముసలమ్మ తినలేదని ఆమె ఎప్పుడో కనిపెట్టేసింది. కిటికీ అద్దంలో పిల్ల చేతినే చూస్తోంది. సూది చర్మం దాకా వస్తే ఆ చెయ్యి పట్టుకోవాలి, అందాకా నోరు విప్పకూడదు. ఆ నోటికి అదెంత కష్టమో!

సూది ఆగింది.

"మామ్మగారూ, కుడిచేతికి సెలైన్ ఉందిగా. ఏ చేత్తో తిన్నారు?"

"ఎడం చేత్తో తింటానా? ఛీ!"

"మరి మీ కోడలు తినిపించిందా?"

"ఆ పిల్ల చేత తినిపించుకునే గతి పట్టిందా నాకు?" అని, గొంతు తగ్గించింది. "ఉయ్యూరు నుంచి మా తమ్ముడొచ్చాడే. పాపం, ఆకలితో ఉంటేనూ..."

భానుశ్రీ సూది ట్రేలో పెట్టేసి, వేలి నెత్తుటి చుక్కతో షుగరు చూసింది. డెబ్భై రెండు. ఖాళీ కడుపున ఆ మందు పడుంటే షుగరు ఇంకా పడిపోయి ముసలమ్మ కళ్లు తేలేసేది. వెంటనే డ్యూటీ డాక్టరుకి ఫోన్ చేసింది.

"సిస్టర్ లేరా?" అన్నారాయన.

"ఉన్నారు సార్. చూసింది నేను. ఇన్సులిన్ ఆపాను. ముందు తినిపించి, మళ్లీ షుగరు చూసి చెబుతాను."

"సరే, అలాగే కానీ."

క్యాంటీన్ నుంచి ఇడ్లీలు తెప్పించి, మంచం పక్కన కూర్చుంది. "నేను మీ కోడల్ని కాదుగా. నోరు తెరవండి."

"అచ్చం మీ మేడమ్ పెత్తనమే," అంటూ ముసలమ్మ నోరు తెరిచింది.

శౌరమ్మ ఇటు తిరిగింది. ముప్ఫై ఏళ్లుగా దాచుకున్న నవ్వంతా మొహం నిండా పెట్టుకుని నిలబడింది. చూసేవాళ్లేరీ? భానుశ్రీ కళ్లు ముసలమ్మ మొహం మీదే ఉన్నాయి.

శౌరమ్మ పెన్ను మూత తీసింది.